కృష్ణా డెల్టాలో హెచ్.ఐ.వి. వ్యాప్తి : లెక్కలు చెప్పు పాఠము

1855వ సంవత్సరమున బెజవాడ వద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. ఈ నీటివలన ఇరుప్రక్కల డెల్టా భూములు మాగాణులై, ఊరూర ధాన్యపు రాసులు పెరిగినవి. ధాన్యముతోపాటు రాకపోకలు కూడ పెరిగినవి. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రహదారియు, హైదరాబాదునుండి మచిలీపట్నమునకు పోవు రహదారియు విజయవాడలో కలియుచున్నవి. ఉత్తర దక్షిణములకు పోవు రైళ్లన్నియు ఇంచుమించుగా ఇక్కడ ఆగవలసినవే. కైకలూరు చేపలు, నూజివీడు మామిడి, గుంటూరు మిర్చి, డెల్టా బియ్యము లారీలకెక్కి దేశము నలుమూలలకు పోవుచున్నవి. ఆటోనగరులో వందలకొలది లారీలు మరమ్మతుకై నిలిచియుండును. ఊడ్పులకు, కోతలకు ఇతర జిల్లాలనుండి కూలీలు వచ్చుచుందురు. ఇక్కడివారు పనులకై దూర ప్రదేశములకు పోవుచుందురు.

రాకపోకలు సంపదకు మూలము. అయితే మనుష్యులతోపాటు వారి వ్యాధులు కూడ ప్రయాణము చేయును. గత నలువది సంవత్సరములలో ఈ మార్గముల వెంట వచ్చి, మన డెల్టా గ్రామములలో ఎన్నో సంసారములను కూల్చిన వ్యాధి ఎయిడ్స్. అది ఎట్లు వ్యాపించినది, ఎంతమందికి సోకినదని ఎట్లు లెక్కించిరి, ఆ లెక్కలు ఒకప్పుడు ఎందుకు తప్పినవి, ఇకముందు అది పెరుగునా తరుగునా అను విషయములను ప్రతి గ్రామస్థుడును తెలిసికొనుట అవసరము. ఏలయన ఈ వ్యాధి పెరుగుట తరుగుటలు మందులపైన ఎంత ఆధారపడియున్నవో, మన తెలివిడిపైన కూడ అంతే ఆధారపడియున్నవి.

వ్యాధి మన దేశమునకు వచ్చిన తీరు

1981వ సంవత్సరమున అమెరికాలో ఈ వ్యాధిని మొదట గుర్తించిరి. 1983లో ఫ్రాన్సు దేశమందలి పాశ్చర్ సంస్థవారు దీనికి కారణమైన క్రిమిని కనుగొనిరి. ఆ క్రిమియే హెచ్.ఐ.వి. అది శరీరమున ప్రవేశించి, రోగములతో పోరాడు తెల్ల రక్తకణములను క్రమముగా నాశనము చేయును. వైద్యము లేనిచో సాధారణముగా ఎనిమిది, పది సంవత్సరములకు శరీరము బలహీనమై, క్షయ మొదలగు రోగములకు లోనగును. ఆ చివరి దశయే ఎయిడ్స్. కావున హెచ్.ఐ.వి. సోకిన ప్రతివానికి ఎయిడ్స్ ఉన్నదనుట సరికాదు.

మన దేశమున 1986లో మద్రాసు నగరమందు ఈ క్రిమి మొదట బయటపడినది. మద్రాసు వైద్య కళాశాలలో పనిచేయుచుండిన డాక్టరు సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని డాక్టరు నిర్మల కలసి లైంగిక వృత్తిలో ఉన్న కొందరు స్త్రీల రక్తమును సేకరించిరి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిపిన పరీక్షలో వారిలో కొందరికి క్రిమి ఉన్నట్లు తేలినది. వ్యాధి అప్పటికే దేశములో ప్రవేశించియున్నదని అప్పుడు గాని తెలియలేదు. 1992లో కేంద్ర ప్రభుత్వము జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను స్థాపించినది. 1998లో మన రాష్ట్రమందును ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ ఏర్పడినది.

ఎట్లు వ్యాపించును? ఎట్లు వ్యాపింపదు?

ఈ క్రిమి వ్యాపించు మార్గములు నాలుగు. క్రిమి ఉన్నవారితో రక్షణ లేని లైంగిక సంపర్కము మొదటిది. క్రిమి ఉన్న రక్తమును ఎక్కించుట రెండవది. ఒకరికి వాడిన సూదిని మరియొకరికి వాడుట మూడవది. తల్లినుండి గర్భములోగాని, ప్రసవకాలముననుగాని, చనుబాలద్వారాగాని బిడ్డకు సోకుట నాలుగవది. మన దేశమున సోకినవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా మొదటి మార్గమున, అనగా స్త్రీ పురుష సంపర్కమువలన సోకినవారే.

దోమలవలన ఇది వ్యాపించునేమో యని డెల్టా ప్రజలు భయపడుట సహజము. మలేరియాను, బోదకాలును దోమలు మోసికొని వచ్చుట మనమెరుగుదుము. కాని ఆ వ్యాధుల క్రిములు దోమ కడుపులో పెరుగగలవు, హెచ్.ఐ.వి. పెరుగజాలదు, అచ్చటనే నశించును. ఇందుకు నిదర్శనము మన కండ్లయెదుటనే కలదు. దోమ పసివానిని, ముసలివానిని, యువకుని ఒకే తీరున కుట్టును. దోమవలననే ఈ వ్యాధి వచ్చుచున్నచో పదేండ్ల బాలురకును, డెబ్బది యేండ్ల వృద్ధులకును సమముగా రావలెను. అట్లు జరుగుటలేదు. క్రొత్తగా సోకువారిలో అత్యధికులు యౌవన వయస్కులే. చిన్నపిల్లలలో కనబడునది ఇంచుమించుగా తల్లినుండి వచ్చినదే. వ్యాధి ఎవరికి వచ్చుచున్నది, ఎవరికి వచ్చుటలేదు అని పరిశీలించి, అది నడచు దారిని కనుగొనుటయే వ్యాధివ్యాప్తి శాస్త్రము చేయు పని.

అట్లే కలసి భుజించుటవలనగాని, ఒకే చెరువులో స్నానము చేయుటవలనగాని, ఒకే బడిలో కూర్చుండుటవలనగాని, చేయి తాకుటవలనగాని ఈ క్రిమి సోకదు. సోకినవానికి గ్లాసు వేరుగా పెట్టుట, వాని బట్టలు వేరుగా ఉతుకుట నిరాధారమైన భయము మాత్రమే.

కాలువలు, పిల్లకాలువలు

ఏ అంటువ్యాధియైనను పెరుగుటకును, తరుగుటకును ఒక చిన్న లెక్క కలదు. సోకిన ఒక మనిషి తన జీవితకాలములో సగటున ఎంతమందికి అంటించును? నూరుమంది రోగులు ఒక్కొక్కరు ఇద్దరికి అంటించినచో తరువాతి వరుసలో రెండువందలమంది, ఆపై నాలుగువందలు, ఆపై ఎనిమిది వందలు అగుదురు. చక్రవడ్డీ బాకీ పెరిగినట్లు అది పెరిగిపోవును. అదే నూరుమంది కలసి ఏబదిమందికి మాత్రమే అంటించినచో, ఆ ఏబదిమంది ఇరువదియైదుమందికి మాత్రమే అంటింతురు. వ్యాధి తనంతట తాను తరిగిపోవును. కావున సోకిన ప్రతివాడు సగటున ఒక్కరికంటె తక్కువమందికి అంటించునట్లు చేయగలిగినచో చాలును.

ఈ సగటు మూడు విషయములపై ఆధారపడియుండును. ఒక్కసారి సంపర్కములో సోకు అవకాశమెంత? ఎంతమందితో సంపర్కము? సోకిన మనిషి ఎంతకాలము ఇతరులకు అంటింపగల స్థితిలో ఉండును? స్త్రీ పురుష సంపర్కమున హెచ్.ఐ.వి. ఒక్కసారికి సోకు అవకాశము తక్కువయే. సాధారణముగా నూటికి ఒకటికంటె తక్కువ. కాని సెగ, సవాయి వంటి సుఖవ్యాధులు ఉన్నచో ఆ అవకాశము ఎన్నోరెట్లు పెరుగును. పైగా సోకినవాడు ఏండ్ల తరబడి ఆరోగ్యవంతునివలె కనబడుచు, తనకు సోకినట్లు తానే యెరుగక యుండుటచే అంటించు కాలము మిక్కిలి దీర్ఘమైనది. ఈ వ్యాధి బలమంతయు అందులోనే యున్నది.

రెండవ విషయమును మన కాలువలతో పోల్చి చూడవచ్చును. బ్యారేజినుండి నీరు ముందు ప్రధాన కాలువలో పారును. అందుండి పిల్లకాలువలకు, వానినుండి బోదెలకు, బోదెలనుండి మళ్లకు చేరును. హెచ్.ఐ.వి. కూడ మన ప్రాంతమున ఇట్లే పారినది. లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలు బలవంతముచేతగాని, పేదరికముచేతగాని ఎందరితోనో సంపర్కము కలిగియుండవలసి వచ్చుటచే వారికి వ్యాధి మొదట సోకినది. వారియొద్దకు వెళ్లిన పురుషులకు వారినుండి సోకినది. ఇంటికి దూరముగా వారములు, నెలలు గడుపు లారీ డ్రైవర్లు, క్లీనర్లు, వలసకూలీలు, వర్తకులు వీరిలో ఎక్కువగా ఉండిరి. ఆ పురుషులు ఇంటికి వచ్చి భార్యలకు అంటించిరి. భార్యలనుండి బిడ్డలకు చేరినది.

ఉదాహరణకు డెల్టాలోని ఒక గ్రామమున లారీ డ్రైవరు ఉన్నాడనుకొందము. పదునైదు రోజులు కలకత్తా దారిలో ఉండి, మూడు రోజులు ఇంట ఉండును. అతనికి సోకిన సంగతి అతడెరుగడు. భార్య గర్భవతియై ఆరోగ్యకేంద్రమునకు వెళ్లగా రక్తపరీక్షలో ఆమెకు క్రిమి ఉన్నట్లు తేలును. కుటుంబమున మొదట పరీక్ష జరిగినది ఆమెకే కనుక, ఊరివారును అత్తింటివారును నింద ఆమెపై మోపుదురు. భర్త తప్ప అన్యుని ఎరుగని స్త్రీ ఇల్లు విడువవలసి వచ్చును. నీరు మడిలో కనబడినంతమాత్రమున మడియే దానికి పుట్టిల్లు కాదుగదా! మన గ్రామములలో ఇట్టి అన్యాయములు ఎన్నో జరిగియున్నవి.

ఒక మెతుకు పట్టి చూచుట

దేశములో ఎంతమందికి సోకినదో తెలిసికొనుటకు అందరి రక్తమును పరీక్షించుట సాధ్యముకాదు. అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఒక మెతుకు పట్టి చూతుము. ప్రభుత్వమును 1998 నుండి దేశమంతట ఈ పద్ధతినే అవలంబించినది. ఎంపిక చేసిన ఆసుపత్రులలో ప్రసవపూర్వ పరీక్షకు వచ్చు గర్భిణీ స్త్రీల రక్తనమూనాలను, పేర్లు లేకుండ, పరీక్షించి, వారిలో నూటికి ఎందరికి క్రిమి ఉన్నదో చూచిరి. దానినిబట్టి జిల్లా మొత్తమున ఎందరికి ఉండవచ్చునో అంచనా వేసిరి.

ఆ అంచనాలలో ఆంధ్రప్రదేశ్ దేశమున అగ్రశ్రేణి బాధిత రాష్ట్రములలో ఒకటిగా తేలినది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, మణిపూర్, నాగాలాండ్ తక్కిన ఐదు. మణిపూర్, నాగాలాండ్ రాష్ట్రములలో వ్యాధి మరియొక కాలువలో పారినదని గమనింపవలెను. అక్కడ మత్తుమందును సూదితో ఎక్కించుకొను యువకులు ఒకే సూదిని పంచుకొనుటవలన అది ప్రబలినది. ఒకే దేశమునందైనను వ్యాధి వేరువేరు ప్రాంతములలో వేరువేరు దారులు త్రొక్కును; కావున అంతటికి ఒకే మందు పనిచేయదు.

2005వ సంవత్సరమునకు దేశమున 52 లక్షలమందికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు లెక్క వేసిరి. అంతకుముందే 2002లో అమెరికా ప్రభుత్వ గూఢచార మండలి యొకటి, 2010 నాటికి భారతదేశమున రెండు కోట్లనుండి రెండున్నర కోట్లమందికి సోకగలదని జోస్యము చెప్పినది. ఆఫ్రికా ఖండపు దక్షిణ దేశములలో జరిగిన వినాశము మన దేశమునను జరుగునని పలువురు భయపడిరి.

గుంటూరు జిల్లా లెక్క

ఈ సమయమున మన డెల్టాలోనే ఒక ముఖ్యమైన పరిశోధన జరిగినది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు అప్పుడు గుంటూరు జిల్లాలో చేరియుండెను. అవి కృష్ణా పశ్చిమ డెల్టాలోనివి. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి శాస్త్రజ్ఞులు 2004, 2005 సంవత్సరములలో ఆ జిల్లాయందు ఆసుపత్రులపై ఆధారపడక, ఇంటింటికి పోయి, 15 నుండి 49 సంవత్సరముల వయస్సుగల 12,617 మందిని పరీక్షించిరి.

వారు కనుగొనిన ఫలితము దేశమునంతయు ఆలోచింపజేసినది. ఆ వయస్సువారిలో నూటికి 1.72 మందికి క్రిమి ఉన్నట్లు తేలినది. దాని ప్రకారము జిల్లాలో సోకినవారు సుమారు 45,942 మంది. ఆసుపత్రి నమూనాల పద్ధతిని అనుసరించినచో ఆ సంఖ్య 1,12,635 అగుచుండెను; అనగా సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ!

ఇంత భేదమేల వచ్చినది? రెండేండ్లలో గర్భము దాల్చిన స్త్రీలలో నూటికి 21 మంది మాత్రమే ఆ పెద్ద ప్రభుత్వాసుపత్రులకు పోయియుండిరి. వారిలో మిక్కిలి పేదవారు అధికము. క్రిమి ఉన్నట్లు అనుమానము కలిగిన గర్భిణులను ప్రయివేటు వైద్యులు కూడ అక్కడికే పంపుచుండిరి. అందుచే ఆ ఆసుపత్రులకు పోయిన స్త్రీలలో నూటికి 3.61 మందికి క్రిమి ఉండగా, తక్కిన స్త్రీలలో 1.08 మందికి మాత్రమే ఉండెను. కుండ అడుగున మాడిన మెతుకును పట్టి చూచి అన్నమంతయు మాడినదనుట ఎట్టిదో, ఈ అంచనాయు అట్టిదే. మెతుకు పట్టి చూచుట మంచి పద్ధతియే. కాని కుండను బాగుగా కలియబెట్టిన పిమ్మటనే పట్టి చూడవలెను.

ఆ పరిశోధన మరికొన్ని సత్యములను కూడ వెల్లడించినది. సోకినవారు పురుషులలో నూటికి 1.74, స్త్రీలలో 1.70, అనగా ఇంచుమించు సమానము. పట్టణములలో 1.89, గ్రామములలో 1.64. కావున ఇది పట్టణముల జాడ్యము, గ్రామములకు పట్టదు అనుకొనుట భ్రమ. జీవన ప్రమాణము తక్కువగానున్న సగము జనాభాలో 2.58, ఎక్కువగానున్న సగములో 1.20. అనగా వ్యాధి భారము పేదలపైననే అధికముగా పడినది.

ఆ కాలముననే, 2005, 2006 సంవత్సరములలో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవారు దేశమంతట లక్షమందికి పైగా పరీక్షించిరి. దేశమున 15 నుండి 49 సంవత్సరముల వయస్సువారిలో నూటికి 0.28 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 0.97 మందికి క్రిమి ఉన్నట్లు తేలినది. ఈ ఆధారములను గైకొని 2007 జూలైలో ప్రభుత్వము తన అంచనాను సవరించి, దేశమున సోకినవారు సుమారు 25 లక్షలమంది అని ప్రకటించినది. సంఖ్య సగమునకు తగ్గినంతమాత్రమున వ్యాధి ఆ యేడు తగ్గినదని అర్థము కాదు. మన లెక్క సత్యమునకు దగ్గరయైనదని అర్థము. ఆంధ్రప్రదేశ్ సగటు దేశపు సగటుకు మూడురెట్లకు పైగా ఉండుట మాత్రము మారలేదు.

జోస్యము తప్పిన కారణము

2010 నాటికి రెండు కోట్లమందికి సోకునన్న జోస్యము నిజము కాలేదు. 2021 సంవత్సరపు ప్రభుత్వ అంచనా ప్రకారము దేశమున హెచ్.ఐ.వి.తో జీవించుచున్నవారు సుమారు 24 లక్షలమంది. వయోజనులలో 2000 సంవత్సరమున నూటికి 0.55గా ఉండిన ప్రమాణము 2021 నాటికి 0.21కి దిగినది. ఆ ఒక్క సంవత్సరమున క్రొత్తగా సోకినవారు సుమారు 63 వేలమంది. 2010తో పోల్చినచో ఇది నూటికి 46 వంతులు తక్కువ.

ఇందుకు కారణము లేకపోలేదు. మన దేశమున అత్యధిక సంఖ్యాకులైన స్త్రీ పురుషులు ఒకే జీవిత భాగస్వామితో కాలము గడపుదురు. కావున భర్తనుండి భార్యకు సోకినను, ఆమెనుండి అన్యులకు పోవుట అరుదు. నీరు మడిలో చేరి అక్కడనే ఇంకిపోయినట్లు వ్యాధి అక్కడ ఆగును. ప్రధాన కాలువలో నీరు పారుచున్నంతవరకే మళ్లు నిండుచుండును. ఈ సంగతి గ్రహించి ప్రధాన కాలువ లాకుల వద్దనే పని ప్రారంభించిరి. లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలకు నిరోధ్ తొడుగులు, సుఖవ్యాధులకు చికిత్స అందజేసిరి. వారిలోనివారే తోటివారికి బోధకులైరి. 2003లో ప్రారంభమైన ఆవాహన్ కార్యక్రమము ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఆరు రాష్ట్రములలో ఈ పని చేసినది. లారీ డ్రైవర్లు ఆగు చోటుల చికిత్సా కేంద్రములు నెలకొల్పినది. 2005లో మన రాష్ట్ర ప్రభుత్వము 'ఆశ' అను పేర గొప్ప ప్రచారోద్యమమును నడపి, అంతవరకు గుసగుసలుగా నుండిన మాటను ఊరి నడుమకు తెచ్చినది. విజయవాడలోని వాసవ్య మహిళా మండలి వంటి స్వచ్ఛంద సంస్థలు వ్యాధి సోకిన కుటుంబములకు ఆదరువుగా నిలిచినవి.

రక్తపు మార్గము కూడ మూతబడినది. దానము చేసిన రక్తమును హెచ్.ఐ.వి.కై పరీక్షించుట 1989 నుండి విధిగా చేయబడినది. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ననుసరించి, 1998 జనవరి 1 నుండి రక్తమును అమ్ముకొనుట నిషేధింపబడినది.

ఫలితము త్వరలోనే కనబడినది. ఆంధ్రప్రదేశ్‌తో కూడిన దక్షిణ రాష్ట్రములలో 15 నుండి 24 సంవత్సరముల గర్భిణీ స్త్రీలలో 2000 సంవత్సరమున నూటికి 1.7గా ఉండిన హెచ్.ఐ.వి. 2004 నాటికి 1.1కి తగ్గినట్లు 2006లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలిపినది. చిన్న వయస్సువారిని విడిగా చూచుటలో ఒక యుక్తి కలదు. నలుబదేండ్లవానికి సోకినది ఎప్పుడో చెప్పజాలము. ఇరువదేండ్లవారికి సోకినచో అది ఈ మధ్య కాలముననే అని నిశ్చయముగా చెప్పవచ్చును. కావున యువజనులలో తగ్గుదల వ్యాధి వేగము తగ్గుటకు గుర్తు.

మందు చేయు మేలు

అంటించు కాలమును తగ్గించుట వైద్యమువలన సాధ్యమైనది. 2004 ఏప్రిల్ 1వ తేదీన కేంద్ర ప్రభుత్వము, ఆంధ్రప్రదేశ్‌తో సహా వ్యాధి అధికముగానున్న ఆరు రాష్ట్రములలో, ఎ.ఆర్.టి. మందులను ఉచితముగా ఇచ్చుట ప్రారంభించినది. మొదట శరీరము బాగుగా క్షీణించినవారికే మందు ఇచ్చెడివారు. 2017 నుండి క్రిమి ఉన్నట్లు తేలిన ప్రతివారికి వెంటనే ప్రారంభించుచున్నారు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రులలోని ఎ.ఆర్.టి. కేంద్రములలో ఈ వైద్యము ఉచితము.

ఈ మందు క్రిమిని పూర్తిగా నిర్మూలింపజాలదు. కాని దానిని అణచియుంచును. క్రమము తప్పక రోజూ వేసికొనినచో కొన్ని మాసములలో రక్తములోని క్రిముల సంఖ్య పరీక్షకు అందనంతగా తగ్గిపోవును. అట్టి స్థితిలో నిలకడగా ఉన్నవారినుండి సంపర్కమువలన ఇతరులకు సోకదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. అనగా రోగికి ఇచ్చిన మందు రోగిని బ్రతికించుటయేగాక, ఊరిని కూడ కాపాడుచున్నది.

తల్లీబిడ్డల విషయమున మేలు మరింత స్పష్టము. వైద్యము లేనిచో క్రిమి ఉన్న తల్లులకు పుట్టు నూరుమంది బిడ్డలలో పదునైదునుండి నలుబదియైదుమందికి సోకవచ్చును. తల్లికి సకాలమున మందిచ్చి, బిడ్డకును మందు పోసినచో నూటికి ఐదుగురికంటె తక్కువకు దించవచ్చును. గర్భిణులందరును మొదటి నెలలలోనే రక్తపరీక్ష చేయించుకొనవలెనని ఆరోగ్య కార్యకర్తలు పట్టుపట్టుటకు కారణమిదియే.

ఇంకను మిగిలియున్న ప్రమాదము

వ్యాధి తగ్గుముఖము పట్టినది, తొలగిపోలేదు. 2021 అంచనా ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో సోకినవారు సుమారు 3 లక్షల 20 వేలమంది. సంఖ్యలో మహారాష్ట్ర తరువాత మనదే రెండవ స్థానము. వయోజనులలో నూటికి 0.67 మంది, దేశపు సగటుకు ఇది మూడురెట్లు. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ మాత్రమే మనకంటె ముందున్నవి.

ఇక్కడ ఒక విషయము గుర్తుంచుకొనవలెను. మందువలన రోగులు దీర్ఘకాలము జీవించుచున్నారు. కావున సోకినవారి మొత్తము సంఖ్య త్వరగా తగ్గదు. అది వైద్యమునకు విజయమేగాని అపజయము కాదు. మనము చూడవలసినది క్రొత్తగా ఎందరికి సోకుచున్నదని. ఆ సంఖ్య పెరుగుటకు రెండు దారులు తెరచియున్నవి. క్రిమి ఉండియు పరీక్ష చేయించుకొననివారు మొదటి దారి. కొంతకాలము మందు వాడి, ఒంటికి బాగున్నదని మానివేయువారు రెండవ దారి. మందు మానిన కొలది వారములలో క్రిమి తిరిగి విజృంభించును. ఒక్కొక్కప్పుడు ఆ మందుకు లొంగని క్రిమి తయారగును. లాకు తలుపులు ఒకసారి వేసి కావలి మరచినచో నీరు మరల గండి కొట్టును.

ఈ రెండు దారులకు మూలము ఒక్కటే. అది సిగ్గు, భయము. పరీక్షకు పోయినచో ఎవరైన చూతురేమో, మందు డబ్బా ఇంట కనబడినచో పిల్ల పెండ్లి ఆగునేమో, కూలికి పిలువరేమో. ఈ భయముచేతనే మనుష్యులు ఊరిలో చెప్పక, ఆసుపత్రికి పోక, క్షయవంటి రోగములు ముదిరిన పిమ్మట బయటపడుచున్నారు. హెచ్.ఐ.వి. ఉన్నవారి మరణములకు క్షయయే ముఖ్యకారణము. అది మందుతో కుదురు రోగము. కావున వెలి వేయు ఊరిలో వ్యాధి దాగి పెరుగును. ఆదరించు ఊరిలో బయటపడి తరుగును. దయ చూపుట ధర్మము మాత్రమే కాదు, ఆరోగ్యరక్షణ కూడ.

గ్రామము చేయవలసిన పని

చట్టము ఇప్పుడు వ్యాధిగ్రస్తుల పక్షమున నిలిచియున్నది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. ఉద్యోగమునందుగాని, బడియందుగాని, ఆసుపత్రియందుగాని, అద్దె ఇంటియందుగాని వారిపట్ల భేదభావము చూపుట ఈ చట్టమునకు విరుద్ధము. అనుమతి లేక పరీక్షించుటగాని, పరీక్షా ఫలితమును బయటపెట్టుటగాని కూడదు. ఎ.ఆర్.టి. మందులు వాడు అర్హులకు రాష్ట్ర ప్రభుత్వము నెలనెల పింఛను ఇచ్చుచున్నది. 2024 జూలై నుండి అది 4,000 రూపాయలైనది.

ఇక గ్రామములో మనము చేయదగినవి ఇవి:

దూర ప్రదేశములలో పనిచేసి వచ్చువారు, సుఖవ్యాధులు వచ్చినవారు, అనుమానము కలవారు ప్రభుత్వ ఆసుపత్రిలోని ఉచిత పరీక్షా కేంద్రమునకు పోయి పరీక్ష చేయించుకొనవలెను. క్రిమి సోకిన తొలి వారములలో పరీక్షలో కనబడకపోవచ్చును. కావున మూడు నెలలకు మరల చేయించుకొనుట మేలు.

పెండ్లికి ముందు వధూవరులిరువురును ఇష్టపూర్వకముగా పరీక్ష చేయించుకొనుట మంచి ఆచారము. వధువును మాత్రమే పరీక్షకు పంపుట న్యాయము కాదు.

గర్భిణీ స్త్రీతోపాటు ఆమె భర్తయు పరీక్షకు రావలెను. అట్లయినచో నింద ఒక్కరిపై పడదు. వైద్యము ఇరువురికి అందును.

ఏ వైద్యుడు సూది వేసినను క్రొత్త సూదిని మన యెదుటనే విప్పి వేయుమని అడుగుటకు సంకోచింపరాదు.

మందు వాడుచున్నవారు ఒక్కరోజైన మానరాదు. కోతలకు, వలసపనులకు పోవువారు కేంద్రమువారికి ముందుగా చెప్పినచో మందు కొనసాగుటకు ఏర్పాటు చేయుదురు.

సందేహములున్నవారు 1097 సంఖ్యకు ఫోను చేసినచో ఖర్చులేకుండ, పేరు చెప్పనక్కరలేకుండ సలహా పొందవచ్చును.

పంచాయతీ సభ్యులు, ఉపాధ్యాయులు, మహిళా సంఘములవారు, యువజన సంఘములవారు ఒక్క విషయమున శ్రద్ధ వహించినను చాలును. వ్యాధి సోకిన కుటుంబములోని పిల్లవాడు బడి మానకుండ, వితంతువైన తల్లి కూలిపని కోల్పోకుండ చూడవలెను. ఆ ఇల్లు నిలిచినచో వారు మందు మానరు. వారు మందు మాననిచో వ్యాధి ముందుకు సాగదు.

ఒకప్పుడు గూఢచార మండలి మన దేశమునకు చెప్పిన జోస్యము తప్పినది. అది తప్పుటకు దైవము కారణము కాదు. వృత్తిలో ఉన్న స్త్రీలు, డ్రైవర్లు, ఆరోగ్య కార్యకర్తలు, పరీక్షకు ధైర్యముగా వచ్చిన సామాన్య గృహిణులు కలసి దానిని తప్పించిరి. ఏటేట కాలువ గట్లను కాపాడుకొనుట డెల్టా రైతుకు క్రొత్త కాదు. గండి పడకముందే మట్టి వేయవలెనని అతనికెవ్వరును నేర్పనక్కరలేదు. హెచ్.ఐ.వి. విషయమునను మనకు కావలసినది ఆ జాగ్రత్తయే.